చందువా గారి ఎనిమిదో మెట్టు

పరిశోధనకి మనుషులు కావాలంటూ డాక్టర్ గుడాల హైమవతి వేయించిన మొదటి ప్రకటన చూసి వచ్చినవాడు ఒక్కడే. అతనూ మంచినీళ్ళ డబ్బాలు వేయించుకుంటారేమో కనుక్కుందామని వచ్చాడు.

తప్పు ప్రకటనదే. "బూతు వీడియోలు చూసే అలవాటు గల, ఇరవై ఒక్క ఏళ్ళు నిండిన పురుషులు మా కేంద్రానికి వచ్చి పేరు నమోదు చేయించుకోగలరు" అని ఉంది అందులో. కాకినాడ పట్టణంలో అటువంటి పురుషుడు ఒక్కడూ లేడని నెల తిరిగేసరికి తేలిపోయింది.

"రేషన్ కార్డులకి పిలిచినట్టు పిలిచేరండి మేడమ్," అంది ఫ్లోరెన్స్. ఆ పరిశోధన కేంద్రంలో హైమవతి కాక ఉన్న మరో మనిషి ఆమే. యంత్రాలు చేసేదీ, వాటితో లెక్కలు కట్టించేదీ ఆమే. రెండో ప్రకటన కూడా ఆమే రాసింది. "పేరు అడగం. మొహం చూడం. గొంతు గుర్తుపట్టం. ఎవరికీ చెప్పం. ప్రతి బుధవారం."

ఆ బుధవారం తొమ్మిదింటికి కేంద్రం మెట్ల మీద పదిహేడు మంది హెల్మెట్లు పెట్టుకుని నిలబడ్డారు. కిందకి తొంగిచూస్తే మోటారు సైకిళ్ళు నాలుగే ఉన్నాయి. తక్కిన పదముగ్గురూ హెల్మెట్లతోనే సిటీ బస్సు దిగారు.

హైమవతి ఎనిమిదేళ్ళు జైళ్ళ చుట్టూ తిరిగిన మనిషి. చూడకూడనివి చూసి, దాచకూడనివి దాచి, పంపకూడనివి పంపి శిక్ష పడిన మగవాళ్ళని వందమందికి పైగా కూర్చోబెట్టి మాట్లాడింది. ఊళ్ళు వేరు, చదువులు వేరు, కులాలు వేరు. మాట మాత్రం ఒక్కటే చెప్పారందరూ. "మొదట్లో నేను అలాంటివి చూసేవాణ్ణి కాదండి." ఆ మొదటికీ ఆ చివరకీ మధ్య ఏం జరిగిందో ఒక్కడూ చెప్పలేకపోయాడు. జరుగుతున్నప్పుడే పట్టుకోగలిగితే బావుండునని ఆవిడకి అనిపించింది. అలా పుట్టింది టోపీ.

చూడ్డానికి అది పసిపిల్లల ఉన్ని టోపీలాగే ఉండేది, లోపల తీగలు తప్ప. అది పెట్టుకున్న మనిషికి తెర మీద ఒక మందార పువ్వు చూపిస్తారు. మళ్ళీ అదే పువ్వు. మళ్ళీ అదే. మామూలు మనిషి మెదడు ఏ ముప్ఫయ్యోసారికో విసుక్కుంటుంది. ఏళ్ళ తరబడి ఘాటు మీద ఘాటు మరిగిన మెదడు మూడోసారికే మొహం తిప్పేసుకుని "ఇంతకన్నా పెద్దదేదైనా ఉందా?" అంటుంది. ఎంత త్వరగా తిప్పుకుంది, ఎంత పెద్దది అడిగింది, ఈ రెండూ కలిపి టోపీ ఒక అంకె చెబుతుంది. ఒకటి నుంచి పన్నెండు దాకా మెట్లు. జైల్లో హైమవతి టోపీ పెట్టి చూసిన వాళ్ళలో తొమ్మిదికి తక్కువ వచ్చినవాడు లేడు.

హెల్మెట్ల వాళ్ళ కోసం ఫ్లోరెన్స్ ప్లైవుడ్‌తో ఒక గది కట్టించింది. లోపలికెళ్ళి, తలుపేసుకుని, హెల్మెట్ తీసి టోపీ పెట్టుకోవాలి. ప్రశ్నలు అవతలివైపు నుంచి మైకులో వస్తాయి. గొంతు మార్చే యంత్రం ఒకటి చవగ్గా దొరికితే కొన్నది. అది అడిగేవాళ్ళ గొంతునీ, చెప్పేవాళ్ళ గొంతునీ కూడా బాతు గొంతులా మార్చి వినిపించేది. పేర్లకి బదులు చేపలు. సొర, కొర్రమీను, బొచ్చె, మట్టగిడస, చందువా. ఒకాయన మాత్రం తనకి కట్టిపరిగ అని చిన్న చేప పేరు పెట్టినందుకు అలిగి, ఖరీదైన పులస అని మారిస్తేగాని టోపీ పెట్టుకోలేదు.

హైమవతి ఆ గది వైపు వెళ్ళేది కాదు. అది ఆవిడ తనకి తాను పెట్టుకున్న నియమం. ఆవిడ బల్ల మీదకి చేప పేరూ, అంకే మాత్రం వచ్చేవి. ఇంట్లో కూడా గొప్పగా చెప్పుకునేది. "ఆ మనుషులెవరో నాకు తెలీదు, నా నీడ కూడా వాళ్ళ మీద పడదు" అని.

టోపీ ఒకసారి ఇంటికొచ్చింది. బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుందో చూద్దామని హైమవతి తెచ్చి, లాప్‌టాప్‌కి తగిలించి, సోఫాలో పెట్టి స్నానానికి వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి అత్తగారు నూకరత్నం గారు దాన్ని తలకి తగిలించుకుని కూర్చున్నారు.

"చలికాలానికి బావుంటదే అమ్మాయ్," అన్నారావిడ.

టోపీ ఆవిడ పక్కనున్న లాప్‌టాప్‌లో మందార పువ్వు చూపించి, రెండోసారికే పదకొండు అంది.

హైమవతి నివ్వెరపోయింది. పదకొండు జైల్లో కూడా ఇద్దరికే వచ్చింది. అత్తగారు రోజంతా చూసేవి టీవీ సీరియళ్ళు. కూర్చోబెట్టి అడిగితే ఆవిడ దాచుకోకుండా చెప్పారు.

"మొదట్లో అత్తాకోడళ్ళు తగువులాడుకుంటే చాలేదే. రెండేళ్ళకి అది చప్పగా అయిపోయింది. పాయసంలో విషం కలిపితేగాని లేచి కూర్చోబుద్ధేసేది కాదు. ఇప్పుడు విషం కూడా ఏముంది? నిన్న ఒక కోడలు పెళ్ళిపందిట్లో ముగ్గుర్ని బాంబెట్టి లేపేసింది. నాకు ఆవలింతొచ్చింది."

"మరి మీరెప్పుడైనా నాకు విషం పెడదామనుకున్నారా అత్తయ్యా?"

"చీ! నీకెందుకు పెడతానే? వంట ఎవరు చేస్తారు?"

హైమవతి నవ్వింది కానీ, ఆ అంకె మనసులో ఎక్కడో ముల్లులా ఉండిపోయింది. టోపీకి ఆకలి తెలుస్తోంది. దేని ఆకలో తెలియడం లేదు. సరిచేయాలనుకుంటూ పుస్తకంలో రాసుకుంది. పనిలో పడి మర్చిపోయింది.

మే నెలలో ఒక బుధవారం పొద్దున్న అన్నం వండడానికి హైమవతి బియ్యం డబ్బాలో చెయ్యి పెడితే చేతికి ఫోను తగిలింది. భర్త సత్యానందం ఫోను. సత్యానందం రొయ్యల మేత అమ్మే కంపెనీలో పనిచేస్తాడు. నెలకి పదిహేను రోజులు చెరువుల వెంట, లాడ్జిల్లో ఉంటాడు. మాట మెత్తన, మనిషి మెత్తన. ఎవరితోనూ గొడవ పెట్టుకున్న పాపాన పోలేదు.

"వానలో తడిసిందే. బియ్యంలో పెడితే తేమ లాగేస్తదంట," అన్నాడతను పేపరు వెనక నుంచి.

"వానెక్కడ పడిందిరా? పదిహేను రోజుల్నించి చెమటలు కక్కుతుంటే!" అన్నారు నూకరత్నం గారు.

"తుని అవతల పడిందమ్మా."

హైమవతి ఫోను తుడిచి బల్ల మీద పెట్టి కేంద్రానికి వెళ్ళిపోయింది. వెళ్ళేసరికి ఫ్లోరెన్స్ నల్ల కళ్ళద్దాలతో ఎదురొచ్చింది. కళ్ళకలక. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి, కాగితం మీద అక్షరం కనపడటం లేదు.

"ఈ ఒక్కరోజూ మీరు అడిగేయండి మేడమ్. ఏం ఫరవాలేదు, మీరూ బాతే, వాళ్ళూ బాతే."

సొర వెళ్ళాక, పులస వెళ్ళాక, మూడో మనిషి లోపలికొచ్చి తలుపేసుకున్న చప్పుడైంది.

"మీ పేరు... క్షమించండి, మీ చేప?" అంది హైమవతి.

"చందువా అండి," అంది బాతు.

"ఎంతకాలంగా చూస్తున్నారు?"

"పదకొండేళ్ళండి. ఉద్యోగం మీద ఊళ్ళు తిరుగుతానండి. గదిలో ఒక్కణ్ణే తోచేది కాదు."

"మొదట్లో ఎంతసేపు చూసేవారు?"

"పది నిమిషాలండి. ఇప్పుడు గంటన్నర. అందులో గంటా పావు వెతుక్కోడానికే పోతదండి. ఏది తీసినా చూసేసిందే అనిపిస్తది. బట్టల షాపులో ఆడాళ్ళు చీరలన్నీ కింద పడేయించి ఇంకా చూపించండి అంటారు చూడండి, అలాగ."

హైమవతికి ఆ పోలిక నచ్చింది. మార్జిన్‌లో రాసుకుంది.

"పోయినసారి మీది ఏడో మెట్టు. ఇవాళ ఎనిమిది వచ్చింది. ఈ వారంలో ఏమైనా జరిగిందా?"

అవతల కుర్చీ కిర్రుమంది.

"డీలర్ల గ్రూపు ఒకటుందండి. పేరు శుభోదయం. అందులో ఎవడో లింకు పెట్టేడు. బట్టల షాపులో చీర కట్టుకు చూసుకునే గది ఉంటది కదండీ, అందులో దొంగ కెమెరా పెట్టి తీసినవి. ముందు ఒక బొమ్మ కనపడిందండి. ఆవిడెవరో, మొహం అటు తిప్పుకుని ఉంది. గోడకి సంచీ ఆన్చి పెట్టింది. సంచీలోంచి తోటకూర కట్ట బయటికి కనపడతంది." అంది బాతు. "కూరలు కొనుక్కుని ఇంటికెళ్తా మధ్యలో ఆగిందండి, చీర చూసుకుందామని. ఆవిడికి తెలీదు కదండీ. నాకది తెలుసు. తెలిసి కూడా నా వేలు దాని మీదే ఉందండి. అదే నాకు భయమేసింది."

"నొక్కారా?"

"లేదండి. లేచెళ్ళి ఫోను బియ్యం డబ్బాలో అడుగంటా కూరేసేను. తడిసిందని ఇంట్లో అబద్ధం చెప్పేను."

హైమవతి చేతిలో కలం ఆగిపోయింది. తుని అవతల పడిన వాన చప్పున ఆవిడ నెత్తిన కురిసినట్టయింది.

లేచి వెళ్ళిపోవచ్చు. తలుపు బద్దలు కొట్టొచ్చు. కానీ ఎదురుగా ప్రశ్నల కాగితం ఉంది. ఆవిడే రాసిన కాగితం. పద్నాలుగో ప్రశ్న ఆవిడ వంకే చూస్తోంది. ఏ ఒక్కరికీ ఏ ప్రశ్నా మానకూడదని కింద ఎర్ర గీత గీసింది కూడా తనే.

"మీ భార్యకి తెలుసా?" అంది.

"తెలీదండి."

"ఎందుకు చెప్పలేదు?" ఇది కాగితంలో లేదు.

"చాలా మంచిదండి. కానీ ఏది చెప్పినా 'ఎన్నిసార్లు? ఎప్పట్నించి? పొద్దున్నా, సాయంత్రమా?' అంటదండి. ఒకసారి తలనొప్పంటే గ్రాఫు గీసింది."

'గీయలేదు' అనబోయి ఆగింది హైమవతి. గీసింది. ఫ్రిజ్ తలుపుకి అంటించింది కూడా.

"ఆవిడికి కోపమొస్తదని కాదండి నా భయం," అంది బాతు. "అసహ్యం వేస్తే? కోపమైతే తగ్గుతది కదండీ."

"మరి ఇక్కడికెలా వచ్చారు?" అంది హైమవతి. యంత్రం ఆ మాటనీ బాతు మాటే చేసింది.

"ఇక్కడ పేరు అడగరు, మొహం చూడరు అని ఒక నమ్మకమైన మనిషి చెప్పిందండి. ఆ మనిషి మాటంటే మాటేనండి."

మరుసటి రోజే హైమవతి ట్రస్టు ఛైర్మన్ కోటగిరి విఠల్ గారి ఆఫీసుకి వెళ్ళింది. కేంద్రాన్ని నడిపేది ఆ ట్రస్టే. పరిశోధనలో పాల్గొంటున్న ఒకరిని తాను గుర్తుపట్టానని, ఇక ఆ మనిషి వివరాలు తాను చూడకూడదని, ఆ పని ఫ్లోరెన్స్‌కి అప్పగిస్తున్నానని రాసిన కాగితం ఆయన ముందు పెట్టింది.

"ఏ చేపండీ?" అన్నాడాయన ముందుకి వంగి.

"చెప్పకూడదు సార్."

"సరేలెండి. అసలు మీతో వేరే మాటుంది." విఠల్ గారు మంచి ఊపులో ఉన్నారు. "ఇంత గొప్ప టోపీ పెట్టుకుని ప్లైవుడ్ గదిలో కూర్చుంటే ఎలాగండీ? పెళ్ళిచూపుల్లో ఒకసారి పెట్టించాలి. ఉద్యోగంలో చేరేటప్పుడు ఒకసారి. ఎనిమిది దాటినవాళ్ళ జాబితా నేరుగా పోలీసులకి. కుళ్ళు అంతా కడిగేద్దాం!"

"ఎనిమిది అంటే ఆ మనిషి ఇంకా ఏ తప్పూ చేయలేదని సార్."

"చెయ్యబోతాడనే కదా?"

"చెయ్యొచ్చు అని."

"'బో'కీ 'చ్చు'కీ ఏంటండీ తేడా?"

ఆ రెండక్షరాల మధ్య తన మొగుడు బియ్యం డబ్బా పట్టుకుని నిలబడి ఉన్నాడని హైమవతి చెప్పలేకపోయింది. నిజానికి ఆవిడలో ఒక సగం విఠల్ గారి పక్షానే ఉంది. ముందురోజు సాయంత్రం నుంచి ఆ సగం పళ్ళు కొరుకుతూనే ఉంది. పదకొండేళ్ళు! ఎన్ని లాడ్జిలు, ఎన్ని గంటలు! తాను ఊరి మగవాళ్ళందరి అంకెలూ ఏరుకుంటుంటే ఇంట్లో అంకె పక్కనే కూర్చుని పప్పులో నెయ్యి వేసుకుంటోంది. చెప్పి నిలదీద్దామంటే మాటిచ్చింది. 'ఎవరికీ చెప్పం' అని రాసిన ప్రకటనలో ఆ 'ఎవరికీ'లో ఆ మనిషి భార్య కూడా ఉంది.

ఆ పది రోజులూ ఆ ఇంట్లో విచిత్రంగా గడిచాయి. సత్యానందం "ఏంటోయ్, అదోలా ఉన్నావ్" అంటే ఆవిడ "ఎన్నిసార్లు అనిపించింది?" అనబోయి నాలుక కరుచుకునేది. అతను కూరలో ఉప్పు లేదన్నా తిట్టేది, ఉందన్నా తిట్టేది. ఓ పూట వంటింట్లో ఫ్రిజ్ మీది గ్రాఫు చింపి పారేసింది. ఎందుకు చింపిందో అతనికి తెలియలేదు. అతనికి తెలియలేదన్న సంగతి ఆవిడకి ఇంకా మంటెక్కించింది.

"మొగుడూ పెళ్ళాలు మాట్లాడుకోరేంటే? సీరియల్లో అయితే ఈపాటికి ఒకళ్ళు పోయుండేవారు," అన్నారు నూకరత్నం గారు ఆశగా.

ఈలోగా జాబితా సంగతి ఊళ్ళోకి పొక్కింది. విఠల్ గారే ఏదో సన్మాన సభలో నోరు జారారు. మరుసటి బుధవారం, అప్పటికి నలభైకి పెరిగిన చేపల్లో పదిహేడు రాలేదు. రానివాళ్ళలో మట్టగిడస ఒకడు. అతనిది తొమ్మిదో మెట్టు. పోయినసారి వచ్చినప్పుడు "మా అన్నయ్యకి చెప్పేద్దామనుకుంటున్నానండి, ఆదివారం ఊరెళ్తున్నాను" అన్నాడని ఫ్లోరెన్స్ రాసుకుంది. చెప్పాడో, చెప్పకుండా ఆ జాబితాకి భయపడి ఎక్కడ దాక్కున్నాడో, గీత దాటి తప్పే చేసేశాడో కనుక్కునే దారి లేదు. పేరు అడగలేదు. మొహం చూడలేదు. హైమవతి ఆ కాగితాన్ని చాలాసేపు చూస్తూ కూర్చుంది. రావలసినవాళ్ళే రాకుండా పోయారు.

ఫ్లోరెన్స్ కళ్ళు తేటపడ్డాక ఇంకో సంగతి కనిపెట్టింది. "ఇది చూడండి మేడమ్. కరెంటు పోయిన వారాల్లో టోపీ ఒక్కటే పెట్టి పంపించేసేం, మైకులు పనిచెయ్యలేదని. ఆ వారాల్లో ఎవరికీ మెట్టు తగ్గలేదు. ప్రశ్నలు అడిగిన వారాల తర్వాత సగానికి పైగా మందికి తగ్గింది. ఒక మెట్టో, అర మెట్టో."

"ప్రశ్నలు ఊరికే నమోదు కోసం పెట్టినవి కదా?"

"అదేనండి. మనం టోపీయే అసలు పని అనుకున్నాం. వాళ్ళు బాతుకి చెప్పుకుని తగ్గించుకుంటున్నారు."

ఆదివారం మధ్యాహ్నం ఒక కల్యాణ మండపంలో టోపీ ప్రదర్శన, దాన్ని అమ్మకానికి పెట్టాలని విఠల్ గారు ఏర్పాటు చేసింది. నలుగురు పెళ్ళిళ్ళ పేరయ్యలు, ఇద్దరు కాలేజీ యజమానులు, పత్రికలవాళ్ళు, ఉప్మా కోసం వచ్చినవాళ్ళు. ముందు వరసలో విఠల్ గారి భార్య పట్టుచీరలో. మూడో వరసలో నూకరత్నం గారు, పక్కన సత్యానందం.

టోపీ ఇంకా తేలని సంగతి అని, ఇది అమ్మే వస్తువు కాదని హైమవతి వేదిక వెనక విఠల్ గారికి రెండుసార్లు చెప్పింది. ఆయన వినలేదు. పైగా ఎవరి తలకో ఎందుకని తన తలకే పెట్టించుకున్నారు. "నిర్మలమైన మనసు ఎలా ఉంటుందో ముందు చూడండి!" అని మైకులో ప్రకటించారు.

తెర మీద మందార పువ్వు వచ్చింది. రెండోసారి వచ్చింది. మూడోసారి రాకుండానే స్పీకర్లలోంచి ఫ్లోరెన్స్ రికార్డు చేసిన గొంతు తీయగా పలికింది. "పన్నెండో మెట్టు."

మండపంలో ఎవరో గ్లాసు కింద పడేశారు. విఠల్ గారి భార్య నెమ్మదిగా లేచి నిలబడింది. "పన్నెండా?"

"అబద్ధం! నేనలాంటివి చూడను!"

"మరి రోజూ బాత్‌రూములో గంటసేపు ఫోనులో ఏం చూస్తున్నట్టు?"

విఠల్ గారి మొహాన నెత్తుటి చుక్క లేదు. పత్రికలవాళ్ళు కలాలు తీశారు. అంతమంది ముందు, మైకులో, ఆయన చెప్పక తప్పలేదు.

"చెవిలో గుబిలి తీసే వీడియోలే! అంతే! మొదట్లో గుబిలే చూసేవాణ్ణి. తర్వాత గోరుచుట్టు కోసేవి. తర్వాత సెగ్గెడ్డలు. ఇప్పుడు... ఇప్పుడు ఆవు డెక్కలోంచి మేకులు లాగేవి చూస్తే తప్ప నిద్ర పట్టడం లేదు!"

"అన్నం తినేటప్పుడు కూడా అవేనా?" అంది ఆయన భార్య. మండపమంతా గొల్లుమంది.

"అందులో ఏముందండీ?" నూకరత్నం గారు మూడో వరసలోంచి ధైర్యం చెప్పారు. "నాది పదకొండు. పెళ్ళిపందిట్లో బాంబులెడతారని!"

హైమవతి వెళ్ళి మైకు అందుకుంది. నవ్వులు ఆగేదాకా నిలబడింది.

"ఈ టోపీకి ఆకలి తెలుస్తుంది," అంది. "ఎక్కే దారి అందరికీ ఒకటే. చెవి గుబిలి దగ్గర మొదలెట్టినా, సీరియల్ దగ్గర మొదలెట్టినా, ఇంకోదాని దగ్గర మొదలెట్టినా. కానీ వీళ్ళిద్దరి మెట్లూ ఎవరికీ హాని చెయ్యవు. ఆ ఇంకోదాని పై మెట్ల మీద మాత్రం నిజం మనుషులుంటారు. తమని ఎవరో చూస్తున్నారని తెలియని మనుషులు. అందుకే నాకు భయం. అందుకే ఈ పని పెట్టుకున్నాను. అయితే ఆ మెట్టు దగ్గర నిలబడ్డ మనిషి వేలు నొక్కుతుందో, వెనక్కి వస్తుందో ఈ టోపీకి తెలీదు. నాకూ తెలీదు. మా దగ్గరికొచ్చినవాళ్ళలో ఎవరితోనైనా నోరు విప్పి చెప్పుకున్నవాళ్ళకి కొంచెం తగ్గింది. అందరికీ కాదు. నలభై మందితో లోకం తేలిపోదు. కానీ జాబితా అని మనం అన్న మరుక్షణం పదిహేడు మంది నోళ్ళు మూతపడ్డాయి. వాళ్ళ కోసమే కదండీ ఇదంతా?"

చప్పట్లు పెద్దగా పడలేదు. ఉప్మా వడ్డిస్తున్నారని ఎవరో కేకేశారు. విఠల్ గారు ఆ వారంలో టోపీ అమ్మకం మాట మానుకున్నారు. కేంద్రాన్ని మాత్రం మూయలేదు. కొన్నాళ్ళకి ఒక బుధవారం ఆయన కూడా హెల్మెట్ పెట్టుకుని వచ్చారని ఫ్లోరెన్స్ అనుమానం. పరిశోధనలో ఆవులు లేవని చెప్పి పంపేశానంది.

సోమవారం పొద్దున్న హైమవతి వంకాయలు తరుగుతుంటే సత్యానందం వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఆఫీసు చొక్కా వేసుకున్నాడు కానీ గుండీలు ఒకదానికొకటి తప్పి ఉన్నాయి.

"హైమా. నీకో మాట చెప్పాలి. నేను... చందువాని."

కత్తిపీట మీద ఆవిడ చెయ్యి ఆగింది. "తెలుసు."

"తెలుసా! ఎప్పట్నించి?"

"ఫ్లోరెన్స్‌కి కళ్ళకలక వచ్చిన రోజు నుంచి. అడిగింది నేనే."

ఆ రోజు తానన్న మాటలన్నీ ఒక్కొక్కటే గుర్తుకొస్తున్నట్టు సత్యానందం మొహం రంగులు మారింది. "గ్రాఫు గురించి కూడా అన్నాను కదూ?"

"అన్నారు."

"అందుకేనా చింపేసేవ్?"

ఇన్నాళ్ళూ హైమవతి పళ్ళ బిగువున పట్టిన ఏడుపు అప్పుడొచ్చింది. వంకాయ ముక్కలు చేతిలో పట్టుకునే ఏడ్చింది. "పదకొండేళ్ళండీ! బాతుకి చెప్పుకున్నారు గానీ నాకు చెప్పలేకపోయారు. నేనేం చేశానని?"

"నువ్వేం చెయ్యలేదు. నేనే." అతను దగ్గరికి రాబోయి ఆగిపోయాడు. రావచ్చో లేదో తెలియనివాడిలా.

చాలాసేపటికి ఆవిడ కళ్ళు తుడుచుకుంది. "ఆ లింకు ఇంకా ఉందా?"

"నేను తియ్యలేదు. గ్రూపులో అలాగే ఉంది. చూసినవాళ్ళు చూస్తానే ఉంటారు."

"ఆ తోటకూర కట్ట ఆవిడికి ఎవరు చెబుతారండీ?"

సత్యానందం కింద పెదవి కొరుక్కున్నాడు. ఆవిడ ఏమడుగుతోందో అతనికి అర్థమైంది. పోలీస్ స్టేషనుకి వెళ్ళి ఆ ఫోను చూపించాలి. చూపిస్తే ఆ గ్రూపులో తనేం చేస్తున్నాడో, అలాంటి లింకు తన దాకా ఎందుకొచ్చిందో చెప్పాలి. డీలర్లకి తెలుస్తుంది. రొయ్యల చెరువుల మీద రోజుకి పదిమంది మొహాలు చూడాలి.

"నువ్వు కూడా వస్తావా?" అన్నాడు.

సైబర్ విభాగంలో ఎస్.ఐ. ఒకావిడ, ముప్ఫై ఏళ్ళుంటాయేమో. ఫోను తీసుకుని చూసి, పక్కనున్న కానిస్టేబుల్‌కి ఏదో చెప్పి పంపించింది. తర్వాత అడగవలసింది అడిగింది.

"ఇది మీకెలా వచ్చింది?"

'పొరపాటున' అనడానికి అవకాశం ఉంది. హైమవతి అతని వంక చూడకుండా గోడ మీది క్యాలెండర్ చూస్తూ కూర్చుంది.

"అలాంటివి చూసే అలవాటుందండి నాకు," అన్నాడు సత్యానందం. గొంతు సన్నగా ఉంది కానీ అతనిదే. "పెరుగుతా వచ్చింది. ఇది మాత్రం చూడలేదు. చూస్తానేమోనని భయమేసి ఇక్కడికొచ్చేను."

ఎస్.ఐ. రాసుకోవడం ఆపి ఒక్క క్షణం తలెత్తింది. తిట్టలేదు, మెచ్చుకోలేదు. "గదిలో గోడ మీది బోర్డులో షాపు పేరు సగం కనపడుతోంది. ఇవాళే వెళ్తాం," అంది. "సంతకం పెట్టండి. మళ్ళీ పిలుస్తాం, రావాలి."

మధ్యాహ్నానికే ఇంటికి కబురొచ్చింది. గదిలో అద్దం వెనక కెమెరా దొరికింది, ఇద్దర్ని పట్టుకున్నారు. ఆ కబురు వచ్చేటప్పటికి వాళ్ళిద్దరూ ఇంటికి చేరలేదు.

స్టేషను బయట హైమవతే స్కూటరు తీసింది. సత్యానందం వెనక కూర్చున్నాడు. జగన్నాథపురం వంతెన మీద గాలికి చెప్పడం మొదలెట్టాడు. మొదటిసారి ఏ ఊళ్ళో, ఏ గదిలో. ఒకసారి మానేద్దామని ఒట్టు పెట్టుకుని పదహారు రోజులు ఎలా ఉన్నాడో, పదిహేడో రోజు ఎలా ఓడిపోయాడో. ఆవిడ మొహం కనపడటం లేదు కాబట్టి మాటలు వస్తున్నాయి. ఆవిడ కూడా మధ్యలో ఒక్క ప్రశ్న వేయలేదు. ఎన్నిసార్లు అనలేదు, ఎప్పట్నించి అనలేదు. కొన్ని మాటలకి కోపం వచ్చింది. అప్పుడు స్కూటరు కొంచెం వేగం పెరిగేది. కొన్నిటికి కళ్ళు మసకబారి నెమ్మదించేది.

తమ వీధి మలుపు వచ్చింది. మేడ మీద నూకరత్నం గారు వీళ్ళని చూసి చెయ్యి ఊపారు. స్కూటరు ఆగలేదు. వాకలపూడి దాటి సముద్రం పక్క రోడ్డెక్కింది. కుడిపక్క అలలు రాళ్ళ మీద పడి లేస్తున్నాయి.

సత్యానందం మాట ఆపి చుట్టూ చూశాడు.

"హైమా, ఇల్లు దాటొచ్చేసేం."

"తెలుసు," అంది హైమవతి. "ఉప్పాడ ఇంకా దూరముంది. చెప్పండి."